శబ్దానికి దారి: పాతపట్నం ప్రాంతంలో చాటింపు నుంచి కంప్యూటరు దాకా

కంప్యూటరులో పాట ఒక ప్రోగ్రాము నుంచి వస్తుంది, మాట ఇంకో ప్రోగ్రాము నుంచి, సందేశం వచ్చినట్టు తెలిపే గంట మరోదాని నుంచి. వాటిలో దేన్ని పందిట్లోని స్పీకర్లకు పంపాలి, దేన్ని చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోనులోనే ఉంచాలి అన్నది ఇప్పుడు తెర మీది జాబితాలో తేల్చుకునే పని. సాధనం కొత్తదే గాని పని పాతది. శబ్దాన్ని వినవలసినవారి దాకా చేర్చడానికి, అక్కర్లేనివారి దగ్గరకు పోకుండా ఆపడానికి ప్రతి తరమూ తన చేతిలో ఉన్న సరంజామాతో ఏదో ఒక ఏర్పాటు చేసుకుంది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం, దాని చుట్టుపక్కల పల్లెల్లో ఆ ఏర్పాటు టముకుతో మొదలై హారన్, పంచాయతీ రేడియో, సినిమా డేరా, మిక్సరు మీదుగా కంప్యూటరు దాకా వచ్చింది.

పాతపట్నం మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశాలోని పర్లాకిమిడికి ఆనుకుని ఉన్న ఊరు. నీలమణి దుర్గ అమ్మవారి గుడి ఈ ఊరికి పేరు తెచ్చింది. ఒకప్పుడు ఇది గంజాం జిల్లాలో, పర్లాకిమిడి జమీందారీ నీడన ఉండేది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన నారో గేజ్ రైలుమార్గం పాతపట్నం మీదుగానే వెళ్లింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. సరిహద్దు గీత పడ్డా సంతల్లో తెలుగు, ఒడియా, కొండ పల్లెల సవర భాష కలిసే వినిపించాయి. అందువల్ల ఇక్కడ ఒక మాటను నలుగురికి వినిపించాలంటే ఎంత గట్టిగా చెప్పాలన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఏ వీధిలో, ఏ భాషలో, ఎవరికి అన్నవీ ప్రశ్నలే.

కూతవేటు

దగ్గరి దూరాన్ని తెలుగువాళ్లు కూతవేటు అంటారు. మనిషి కేక వినబడేంత మేర అని దాని అర్థం. మైకు రాకముందు ఊరి సమాచార వ్యవస్థ అంతా ఈ కొలత మీదే నడిచింది. గ్రామ సేవకుడు టముకో డప్పో వాయించుకుంటూ బయలుదేరి, వీధి మొగలో ఆగి, చెప్పవలసింది చెప్పి, మళ్లీ వాయిస్తూ ముందుకు సాగేవాడు. దీన్నే చాటింపు అనీ, దండోరా అనీ అన్నారు. శిస్తు గడువు, వేలం పాట, అమ్మవారి సంబరం, అంటువ్యాధి వస్తే తీసుకోవలసిన జాగ్రత్తలు ఇలాగే ఊరికి తెలిసేవి. ఈ పని ఎక్కువగా దళిత కుటుంబాల మీద వంశపారంపర్యంగా మోపిన వెట్టిలో భాగం. ఊరందరి చెవికీ మాట చేర్చిన మనిషికి ఆ ఊరి నడుమ చోటు దక్కకపోవడం ఈ చరిత్రలో దాచకూడని భాగం.

చాటింపులో రెండు శబ్దాలు రెండు పనులు చేసేవి. డప్పు దెబ్బ దూరం వెళ్తుంది గాని అందులో మాట ఉండదు. మాటలో కబురు ఉంటుంది గాని అది దూరం పోదు. కనుక డప్పు మనుషుల్ని గుమ్మాల్లోకి రప్పిస్తే, గొంతు కబురు అందించేది. ఎక్కడ ఆగాలి, ఏ వీధికి పోనక్కరలేదు అన్నది చాటింపు వేసేవాడి నడకే తేల్చేది. శబ్దానికి దారి చూపే మీట ఆ రోజుల్లో మనిషి కాళ్లే.

కళారూపాలకూ తమతమ వైపులు ఉన్నాయి. ఉత్తరాంధ్ర గొల్లల తప్పెటగుళ్లలో ఆటగాళ్లు రొమ్ముకు తప్పెట కట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. చుట్టూ నిలబడ్డవారందరికీ వంతులవారీగా పాట ఎదురవుతుంది. జముకుల కథలో జముకు అనే తంత్రి బిగించిన వాద్యపు నాదం మెత్తనిది. దాన్ని దగ్గర కూర్చున్నవారే సరిగా వినగలరు. అంటే జనం ఎంత, చోటు ఎంత అన్నదాన్ని బట్టి కళ తన స్వరూపాన్ని ముందే ఎంచుకుంది. రైల్వే స్టేషన్లలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క కూడా ఇలాంటిదే. సుత్తి దెబ్బ ఎన్నిసార్లు పడిందో లెక్కబెట్టుకుని బండి ఎక్కడిదాకా వచ్చిందో ప్రయాణికులు తెలుసుకునేవారు.

గ్రామఫోను బాకా

యంత్రం లోంచి పాట రావడం గ్రామఫోనుతో మొదలైంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేయడంతో భారతదేశంలో ఈ వ్యాపారం పుంజుకుంది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు నాటక పద్యాలు, హరికథలు, భజనలు రికార్డులకెక్కాయి. జనం వాటిని ప్లేట్లు అన్నారు. తొలి గ్రామఫోనులో విద్యుత్తు పాత్ర ఏమీ లేదు. సూది కదలిక ఒక పలుచటి పొరను కదిపేది, ఆ సవ్వడిని బాకా పెద్దది చేసేది. శబ్దాన్ని తగ్గించే మరగాని, రెండో చోటుకు పంపే తీగగాని ఉండేవి కావు. బాకా ఎటు తిరిగి ఉంటే అటే పాట. వినాలనుకున్నవాడే పెట్టె దగ్గరకు రావాలి.

మైకుసెట్టు రాక

ఈ కట్టుబాటును విద్యుత్ లౌడుస్పీకరు తెంచింది. 1915లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిడమ్ తమ మాగ్నవాక్స్ లౌడుస్పీకరును బహిరంగ సభలో వినిపించారు. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇంజినీర్లు రూపొందించిన కదిలే చుట్ట స్పీకరే నేటి పెట్టె స్పీకర్లకు మూలం. భారతదేశంలో ఈ పరికరానికి జనంలో గుర్తింపు తెచ్చినవి కాంగ్రెసు సభలు. బొంబాయికి చెందిన నానిక్ మోత్వానీ తన చికాగో రేడియో సంస్థ తరఫున వాటికి లౌడుస్పీకర్లు అమర్చాడు. గాంధీ, నెహ్రూల పాత ఛాయాచిత్రాల్లో మైకు మీద కనిపించే చికాగో అన్న అక్షరాలు ఆ సంస్థవే. 1940లో మొదలైన అహూజా కంపెనీ ఆంప్లిఫయర్లు తర్వాతి కాలంలో దేశమంతటా మైకుసెట్టుకు మారుపేరయ్యాయి.

పల్లెలో మైకు నడవాలంటే ముందు కరెంటు కావాలి. 1955లో ఆంధ్ర, ఒరిస్సాల ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉత్పత్తి మొదలుపెట్టాక ఉత్తరాంధ్రలో తీగలు పట్టణాలు దాటి వెళ్లడానికి వీలు పెరిగింది. తీగ చేరని చోట 12 వోల్టుల కారు బ్యాటరీయే దిక్కు. ఎడ్లబండి మీద బ్యాటరీ, ఆంప్లిఫయరు, ప్లేట్ల పెట్టె, రెండు హారన్లు వేసుకుని సంబరాలకూ పెళ్లిళ్లకూ వెళ్లడం ఒక కొత్త వృత్తి అయింది. మనిషి పేరుకు ముందు మైకు చేరి ఇంటిపేరులా నిలిచిపోయింది. హలో హలో మైక్ టెస్టింగ్ అన్న మాట పల్లె భాషలో కలిసిపోయింది.

హారన్ పనితీరు ఆ కాలపు అవసరానికి సరిగ్గా అతికింది. గొట్టం ఆకారం గాలిని కుదురుగా పట్టుకోవడం వల్ల కొద్ది వాట్లతోనే చాలా గట్టిగా మోగుతుంది. ఒక వాటు శక్తి ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే మంచి హారన్ 105 డెసిబెళ్ల పైన పలుకుతుంది, మామూలు పెట్టె స్పీకరు 90 దగ్గర ఆగుతుంది. అయితే మంద్ర స్వరాలను హారన్ వదిలేస్తుంది. మనిషి మాటలో స్పష్టతకు పనికొచ్చే పై స్వరాలు మాత్రం దూరం పోతాయి. అందుకే హారన్‌లో మృదంగం డొల్లగా, సన్నాయి పదునుగా, ప్రకటన స్పష్టంగా వినిపిస్తాయి. ఇంకొక సంగతి, హారన్‌కు ముఖం ఉంది. చింతచెట్టు కొమ్మకో తాటి మొద్దుకో కట్టేటప్పుడు దాన్ని ఏ పేట వైపు తిప్పారన్నది ఊళ్లో మాటామాటా పెరగడానికి చాలు. తమ వీధికి పాట రాలేదని ఒకరు, తమ ఇంటి మీదే మోగిందని ఇంకొకరు అనడం మైకుతో పాటు పుట్టిన తగాదా.

ఆంప్లిఫయరు వెనక

మైకుసెట్టువాడి అసలు నేర్పు ఆంప్లిఫయరు ముందున్న గుండీల్లో కాదు, వెనకున్న మరల్లో ఉంది. అక్కడ 4, 8, 16 ఓములు, 70 వోల్టులు, 100 వోల్టులు అని గుర్తులుంటాయి. హారన్ యూనిట్లు ఎక్కువగా 16 ఓములవి. ఒకటే ఉంటే తీగను 16 దగ్గర బిగించాలి. రెండింటిని పక్కపక్కన కలిపితే 8 దగ్గర, నాలుగైతే 4 దగ్గర. ఈ లెక్క తప్పితే పాట నీరసంగా వస్తుంది, లేదా ఆంప్లిఫయరు వేడెక్కి కాలుతుంది. ఓము అంటే ఏమిటో పుస్తకంలో చదవకపోయినా, హారన్లు రెట్టింపైతే అంకె సగమవుతుందని మైకు కుర్రాడికి తెలుసు.

దూరానికి వేరే లెక్క. 30 వాట్లను 8 ఓముల హారన్‌కు నేరుగా పంపితే తీగలో సుమారు 1.9 ఆంపియర్లు పారుతాయి. అవే 30 వాట్లను 100 వోల్టుల లైను మీద పంపితే 0.3 ఆంపియర్లు చాలు. తీగలో వృథా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక రెండో పద్ధతిలో నష్టం 40 రెట్లకు పైగా తగ్గుతుంది. ప్రతి హారన్ దగ్గరా చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజీని మళ్లీ దించుతారు. గుడి నుంచి ఊరి చివర చెరువుగట్టు దాకా సన్నని తీగ మీద పాట వెళ్లగలగడం ఈ ఏర్పాటు వల్లనే. కరెంటు తీగల్ని మైళ్ల కొద్దీ లాగడానికి వాడే ఉపాయమే ఇదీ.

ఒక్కో లైనుకు ఒక్కో మీట పెట్టగానే శబ్దాన్ని ఎంచి పంపడం సాధ్యమైంది. పెద్ద ఆసుపత్రుల్లో, స్టేషన్లలో, కళాశాలల్లో వాడే ఆంప్లిఫయర్ల ముందు వరసగా మీటలుంటాయి. ఒకటో మీట వేస్తే ఒక వరండా, రెండోది వేస్తే మరో వరండా, అన్నీ కలిపి వేస్తే భవనమంతా. పల్లె సంబరంలో ఇదే పని నోటితో నడిచేది. హరికథ మొదలయ్యే ముందు వీధి హారన్లు ఆపి పందిట్లోవి మాత్రం ఉంచమని కమిటీ పెద్ద చెబితే, కుర్రాడు వెళ్లి తీగ ఊడదీసి వచ్చేవాడు.

దూరపు హారన్లతో ఒక చిక్కు తప్పదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, తీగలో కరెంటు రెప్పపాటులో చేరుతుంది. 170 మీటర్ల అవతలి హారన్ మాట, పక్కనున్న హారన్ మాట కన్నా అర సెకను ఆలస్యంగా చెవిన పడుతుంది. ఒకదాని పక్కన నిలబడి రెండోదీ వినేవాడికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. దీనికి పరిష్కారం ఎక్కువ హారన్లు కాదు, ఒక్కో చోటుకు ఒక్కటే వినిపించేలా ముఖాలు తిప్పడం. మైకు ఎదుట హారన్ పెడితే వచ్చే కీచు కూడా దారి తప్పిన శబ్దమే. బయటికి పోవలసిన శబ్దం మళ్లీ మైకులో దూరి తిరుగుతూ పెరిగిపోవడం వల్ల అది పుడుతుంది.

పంచాయతీ రేడియో, చెవి రేడియో

మైకు ఊరి శబ్దాన్ని ఊరికే వినిపించింది. బయటి శబ్దాన్ని ఊళ్లోకి తెచ్చింది రేడియో. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు ఆకాశవాణి కేంద్రం తెలుగు కార్యక్రమాలకు తొలినాళ్ల ఆధారం. 1948 జనవరిలో ఒరిస్సాలోని కటక్ కేంద్రం, అదే ఏడు డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963 ఆగస్టు 4న విశాఖపట్నం కేంద్రం వచ్చాయి. సరిహద్దు ఊళ్లలో ముల్లు కాస్త తిప్పితే భాష మారేది. ఏ కేంద్రం పట్టాలన్నదే అక్కడ మొదటి ఎంపిక.

రెండో ఎంపిక ఆ శబ్దం ఎక్కడ మోగాలన్నది. సొంత రేడియో కొనగలిగిన ఇళ్లు తక్కువ. ప్రభుత్వం పంచాయతీలకు సామూహిక రేడియోలు ఇచ్చింది. చాలా ఊళ్లలో సెట్టు పంచాయతీ కార్యాలయం గదిలో ఉండేది, స్పీకరు బయట గోడ మీదో స్తంభం మీదో ఉండేది. వార్తలకు, పాడిపంటల కార్యక్రమానికి జనం అరుగు మీద చేరేవారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో వారే ఊరు ఏం వినాలో తేల్చేవారు. శబ్దం అందరిది, మీట ఒక్కరిది.

1960ల తర్వాత ట్రాన్సిస్టరు రేడియో ఈ లెక్కను తిరగేసింది. దాని పక్కన చిన్న రంధ్రం ఉండేది. చెవిగొట్టం తీగ అందులో గుచ్చగానే స్పీకరు మూగబోయి పాట ఒక్క చెవిలోకి మళ్లేది. రంధ్రం లోపల ఒక స్ప్రింగు రేకు స్పీకరు తీగను తాకి ఉంటుంది. ప్లగ్గు దూరితే రేకు పక్కకు జరిగి ఆ దారి తెగుతుంది, ప్లగ్గు దారి కలుస్తుంది. బొమ్మలు, పేర్లు ఏవీ లేకుండా, గుచ్చడమే ఆజ్ఞగా పనిచేసే ఎంపిక ఇది. దీని వంశం టెలిఫోను ఎక్స్చేంజీలో ఉంది. 1878లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో తొలి వాణిజ్య ఎక్స్చేంజీ వచ్చాక, ఒకరి గొంతును ఇంకొకరి చెవికి కలపడానికి ఆపరేటర్లు ప్లగ్గులు మార్చి గుచ్చేవారు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన రోజుల్లో శబ్దానికి దారి వేసింది ఆ చేతులే.

సినిమా డేరా

1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడడం మొదలుపెట్టాక టూరింగు టాకీసులు సంతలు జరిగే ఊళ్లకు డేరాలు మోసుకెళ్లాయి. పగలంతా ఎడ్లబండి మీద మైకుతో చుట్టుపక్కల ప్రకటన, చీకటి పడగానే డేరా పైన హారన్‌లో పాటలు. చాలా హాళ్లలో ఘంటసాల పాడిన నమో వేంకటేశా పాట ఆట మొదలవబోతోందన్న గుర్తుగా స్థిరపడింది. దూరపు పొలాల్లో ఉన్నవారు ఆ పాట విని నడక వేగం పెంచేవారు.

ఆ పాట అయిపోగానే బయటి హారన్ ఆగిపోయి, తెర వెనక పెట్టిన స్పీకర్లలో సినిమా శబ్దం మొదలవుతుంది. ప్రొజెక్టరు గదిలో ఆంప్లిఫయరు పక్కన ఉన్న మీట చేసిన పని అది. అక్కడే ఒక చిన్న మానిటరు స్పీకరు ఉండేది. హాల్లో శబ్దం సరిగా వస్తోందో లేదో ఆపరేటరు దానిలో గమనించేవాడు. అంటే ఆ గదికి మూడు ద్వారాలు: ఊరికి ఒకటి, టిక్కెట్టు కొన్నవాడికి ఒకటి, ఆపరేటరుకు ఒకటి. ఎవరు ఏది వినాలో వ్యాపారమే తేల్చింది. బయటికి ఉచితంగా వచ్చేది పాట, లోపల డబ్బుకు దొరికేది కథ.

రంగస్థలం మీద మిక్సరు

పౌరాణిక పద్యనాటకానికి ఉత్తరాంధ్రలో మంచి ఆదరణ ఉండేది. శ్రీకృష్ణుడి పాత్రతో పేరు పొందిన పీసపాటి నరసింహమూర్తి ఈ ప్రాంతపు నటుడే. మైకు రాకముందు నటుడి గొంతే చివరి వరసకు చేరాలి. పద్యం చివర రాగం సాగదీయడం పాండిత్య ప్రదర్శన ఒక్కటే కాదు, దూరాన్ని జయించే ఉపాయం కూడా. మైకు వచ్చాక వేదిక మీద పైనుంచి వేలాడే రెండు మూడు మైకులు చూసుకుని నటులు తమ చోట్లు దిద్దుకున్నారు. పద్యం ఎత్తుకునేవాడు మైకు కిందికి రావడం నాటక నడకలో భాగమైంది.

ఎక్కువ మైకులు రావడంతో మిక్సరు అవసరమైంది. హార్మోనియం, తబలా, గాయకుడు, వ్యాఖ్యాత అందరి గొంతులూ ఒక్కో చానలులో చేరతాయి. ప్రధాన గుండీ శ్రోతల వైపు వెళ్లే మొత్తాన్ని నడుపుతుంది. దాని పక్కన ప్రతి చానలుకూ ఆక్స్ అనే ఇంకో గుండీ ఉంటుంది. గాయకుడికి తన గొంతు, శ్రుతి ఎక్కువగా, తబలా తక్కువగా కావాలంటే ఆ కలగలుపును వేరే దారిలో అతని ముందున్న మానిటరు స్పీకరుకు పంపుతారు. శ్రోతలు వినేది ఒకటి, గాయకుడు వినేది మరొకటి. ఒక మూలం, అనేక గమ్యాలు, ఒక్కో గమ్యానికి ఒక్కో పాళ్లు అన్న భావన ఇక్కడే పూర్తి రూపం దాల్చింది. కంప్యూటరు తర్వాత చేసిందల్లా ఈ పెట్టెను అంకెల్లోకి మార్చడమే.

క్యాసెట్టు, బాక్సులు, చట్టం

1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్టు 1980లలో భారతీయ పల్లెల్ని ముంచెత్తింది. ప్లేటు గీతలు పడి పాడయ్యేది, క్యాసెట్టు చొక్కా జేబులో పట్టేది. ఎన్నికల ప్రచారం, సర్కస్ ప్రకటన, ఎరువుల కంపెనీ పాట ముందే రికార్డు చేసుకుని రిక్షాలో, తర్వాత ఆటోలో తిప్పారు. చాటింపువాడి కాళ్లు చక్రాలయ్యాయి, గొంతు టేపులోకి చేరింది. అదే కాలంలో హారన్లు తగ్గి పెట్టె స్పీకర్లు, ఆ తర్వాత మనిషి ఎత్తు బాక్సులు వచ్చాయి. హారన్ వదిలేసిన మంద్ర స్వరాలే ఇప్పుడు ప్రధానమయ్యాయి. ఊరేగింపులో లారీ మీద కట్టిన డీజే బాక్సుల దెబ్బ చెవి కన్నా ముందు రొమ్మును తాకుతుంది. మంద్ర స్వరాలను గోడలు ఆపలేవు, వాటిని ఒక వైపు తిప్పడమూ కష్టం. దారి చూపడానికి లొంగని శబ్దం ఊళ్లోకి వచ్చింది.

దానికి కళ్లెం చట్టం వేసింది. 2000 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు తెచ్చింది. లౌడుస్పీకరుకు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో మోగించకూడదు. ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది. 2005 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నియమాలకు బలం చేకూర్చింది. ఇష్టంలేని శబ్దం వినకుండా ఉండటం పౌరుడి జీవించే హక్కులో భాగమని అది గుర్తించింది. మాట్లాడే హక్కు ఉన్నవాడికి ఎదుటివాడి చెవి మీద హక్కు లేదన్న భావం చట్టంలో ఇలా నిలిచింది.

కంప్యూటరు లోపల

తొలి రోజుల వ్యక్తిగత కంప్యూటర్లు ఎక్కువగా కీచుమనే ఒక చిన్న స్పీకరు ద్వారానే పలికేవి. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చాక సంగీతం, మాట మామూలయ్యాయి. అయితే కార్డు ఒకటి, దాని వెనక స్పీకరు రంధ్రం ఒకటి. తొలి రోజుల్లో చాలా యంత్రాల్లో ఒక ప్రోగ్రాము ఆ కార్డును పట్టుకుంటే అది వదిలేదాకా రెండోది మౌనంగా ఉండవలసిందే. ఒక్క మైకు దగ్గర ఇద్దరు వక్తలు నిలబడ్డ పరిస్థితి అది.

తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలోకి వచ్చి మిక్సరు పాత్ర తీసుకుంది. ప్రతి ప్రోగ్రాము తన శబ్దాన్ని సెకనుకు 44,100 లేదా 48,000 అంకెల వరసగా దానికి అప్పగిస్తుంది. సిస్టమ్ ఆ వరసల్ని కూడి, ఎంచుకున్న పరికరానికి పంపుతుంది. అక్కడ అంకెలు మళ్లీ విద్యుత్తుగా, గాలి కదలికగా మారతాయి. పరికరాలూ పెరిగాయి. ల్యాప్‌టాప్ సొంత స్పీకరు, హెడ్‌ఫోను రంధ్రం, టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ తీగ, యూఎస్‌బీ సౌండుకార్డు, బ్లూటూత్ స్పీకరు ఒకేసారి ఉండవచ్చు. వీటిలో ఒకదాన్ని సిస్టమ్ మామూలు ద్వారంగా ఎంచుకుంటుంది. వేరే చెప్పకపోతే అన్ని ప్రోగ్రాముల శబ్దమూ అటే పోతుంది.

ప్రోగ్రామువారీగా దారి వేరుచేయడం మెల్లగా వచ్చింది. 2007లో జనంలోకి వచ్చిన విండోస్ విస్టా ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో శబ్ద స్థాయి ఇచ్చింది, ఒక్కోదానికి గమ్యం ఎంచే వీలు మాత్రం దాని సెట్టింగుల్లో లేదు. 2018 ఏప్రిల్ నాటి విండోస్ 10 సవరణతో సెట్టింగుల్లోనే ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో పరికరం ఎంచుకునే వీలు కలిగింది. లినక్సులో 2004లో మొదలైన పల్స్ఆడియో ఈ సదుపాయాన్ని ముందే ఇచ్చింది. పాట నడుస్తుండగానే దాన్ని స్పీకరు నుంచి హెడ్‌ఫోనుకు మళ్లించవచ్చు. తర్వాత వచ్చిన పైప్‌వైర్‌ను 2021లో ఫెడోరా అనే లినక్సు రూపం తన ప్రధాన శబ్ద వ్యవస్థగా స్వీకరించింది. మాక్ కంప్యూటరులో సిస్టమ్ మొత్తానికి ఒక ద్వారం ఉంటుంది. ఒక్కో ప్రోగ్రాముకు వేరే దారి కావాలంటే ఆ ప్రోగ్రాము సొంత సెట్టింగుల్లో గాని, అదనపు సాఫ్ట్‌వేరుతో గాని చేసుకోవాలి. వీఎల్‌సీ లాంటి ప్లేయర్లు తమ మెనూలోనే పరికరాన్ని అడుగుతాయి.

ఈ ఎంపిక అవసరం పందిట్లో వెంటనే తెలుస్తుంది. ల్యాప్‌టాప్ మీద పాటలు నడిపే డీజేకు రెండు ద్వారాలు తప్పనిసరి. జనం వింటున్న పాట బాక్సులకు, తర్వాత వేయబోయే పాట తన హెడ్‌ఫోనుకు వెళ్లాలి. ఒకే ద్వారం ఉంటే తర్వాతి పాటను వెతికే తంటా అంతా జనం చెవిన పడుతుంది. అందుకే రెండు జతల దారులున్న సౌండుకార్డు అతని పెట్టెలో ఉంటుంది. సభలో వీడియో చూపేవారు చేసే మామూలు పొరపాటు ఇంకొకటి. వీడియో శబ్దం, సందేశాల గంట ఒకే ద్వారంలో వదిలేయడం వల్ల ప్రసంగం మధ్యలో గంట మోగుతుంది. ప్లేయరును బాక్సులకు, మిగిలినవాటిని ల్యాప్‌టాప్ స్పీకరుకు కేటాయించి, ఆ స్పీకరును మూసేస్తే చాలు.

రెండు జాగ్రత్తలు అవసరం. తీగ ఊడినా బ్లూటూత్ తెగినా సిస్టమ్ అడగకుండానే శబ్దాన్ని మరో పరికరానికి మళ్లిస్తుంది. హెడ్‌ఫోనులో వినవలసింది ఒక్కసారిగా హాల్లో మోగేది అందుకే. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది కాబట్టి తీగ స్పీకరుతో కలిపి వాడితే మాట రెండుసార్లు వినిపిస్తుంది. చెరువుగట్టు హారన్‌తో వచ్చిన చిక్కే మరో కారణంతో మళ్లీ వచ్చింది. ప్రత్యక్ష కార్యక్రమాల్లో పాత తీగనే నమ్మడానికి ఇదే కారణం.

కలిసి నడిచే పద్ధతులు

కొత్త సాధనం వచ్చినంత మాత్రాన పాతది పూర్తిగా పోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలు కూలి ఉద్దానం ప్రాంతపు పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి వేళ ఫోనుకు చార్జి ఉండదు, ప్లగ్గు దూర్చడానికి చోటు ఉండదు. బ్యాటరీ మైకు కట్టిన వాహనం, డప్పు దండోరా మాత్రమే మాటను వీధిలోకి తీసుకెళ్లగలవు. చాలా పల్లెల్లో గ్రామసభకు, పన్ను వసూలుకు ఇప్పటికీ చాటింపు వేయడం ఉంది.

నేటి సంబరంలో ఇవన్నీ ఒకే చోట కనిపిస్తాయి. అమ్మవారి ఘటాల ముందు డప్పులు అన్ని వైపులా మోగుతాయి. గుడి మీది హారన్ రెండు పేటల వైపు తిరిగి ఉంటుంది. వేదిక మీది మిక్సరు గాయకుడికి ఒకటి, జనానికి ఒకటి పంచుతుంది. దాని పక్కన ల్యాప్‌టాప్ తెర మీద పరికరాల జాబితా తెరిచి ఉంటుంది. డప్పుకు దారి చూపేది వాయించేవాడి నడక, హారన్‌కు దాని ముఖం, మిక్సరుకు గుండీ, కంప్యూటరుకు జాబితాలోని ఒక వరస. కూతవేటును దాటించడానికి మైకు పుట్టింది. దాటిన శబ్దాన్ని మళ్లీ తగిన చెవి దగ్గర ఆపడానికి మిగిలిన మీటలన్నీ పుట్టాయి.